లేని అల్సరుకు పత్యం

ఆయనకు అల్సరు లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కడుపులో పుండూ లేదు, మంటా లేదు, గ్యాసూ లేదు. రాళ్ళు తిని అరాయించుకోగల మనిషి. కానీ అమలాపురంలో మా ఆఫీసులో ఆయన అల్సరు సంగతి తెలియనివాళ్ళు లేరు. బదిలీ మీద కొత్తగా ఎవరైనా వస్తే కుర్చీ చూపించేలోపే చెప్పేసేవారు, “ఆయనకి కారం తగలనివ్వకండేం, పాపం కడుపులో పుండు” అని.

ఆయన పోయారని నాకు ఎవరూ కబురు చెయ్యలేదు. ఆటోలో గడియార స్తంభం దాటుతుంటే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ కనిపించింది. ప్రభువునందు నిద్రించారనీ, ఫలానా రోజు ఆదరణ కూడిక అనీ, రాజోలు అవతల వాళ్ళ ఊరి పేరూ వేశారు. ఫొటోలో కోటు తొడిగారు. ఆ మనిషి ఒంటి మీద నేను ఏనాడూ కోటు చూడలేదు. మొహం మాత్రం అదే. ఎదుటివాళ్ళకు ఏదో ఇబ్బంది తప్పించినప్పుడు వచ్చే నవ్వు ఒకటి ఉండేది ఆయనకు, ఆ నవ్వే ఫొటోలోనూ ఉంది. ఆటో ఆపమన్నాను. ఆపి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ పోనిమ్మన్నాను.

మాది బండారులంక వైపు నేతపని కుటుంబం. తొంభైల మొదట్లో ఆ ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఏ శాఖో చెప్పను. ఆ మనుషుల్లో కొందరు ఇంకా ఇక్కడే ఉన్నారు, బజారులో ఎదురుపడితే ఆప్యాయంగా పలకరిస్తారు, నాకూ ఆ పలకరింపు కావాలి. నేను చేరేనాటికే ఆయన సీనియర్ అసిస్టెంటు. అందరూ గురువుగారూ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన నన్ను అమ్మాయిగారూ అనేవారు.

మధ్యాహ్నం భోజనాల వేళకు రికార్డు రూములో పొడుగు బల్ల మీద పాత పేపర్లు పరిచేది ఆయనే. అది ఎవరూ ఆయనకు అప్పజెప్పిన పని కాదు. అటెండరు చెయ్యబోతే “నువ్వుండవయ్యా” అని పక్కకు తప్పించి, పేపరు ముడతలు అరచేత్తో సాపు చేసి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తనే చూసేవారు. గోడవైపు చివర హెడ్డు క్లర్కు పంతులుగారు, అక్కడ ఉల్లీ వెల్లుల్లీ ఉండకూడదు. కిటికీ వైపు చివర నీసు తెచ్చుకునేవాళ్ళు. మధ్యలో మిగతా జనం. శనివారం ఒంటిపూట వాళ్ళు, కిడ్నీలో రాళ్ళని టమాటా మానేసినవాళ్ళు, షుగరొచ్చి రొట్టెల్లోకి దిగినవాళ్ళు. ఎవరైనా అయ్యప్పమాల వేసుకుంటే ఆ రోజుల్లో కిటికీ వైపు కూడా నీసు మాన్పించేవారు. “కొన్నాళ్ళే కదండీ, సర్దుకుందాం” అనేవారు. రేపు ఏకాదశి, పంతులుగారు ఫలహారమే తింటారు, ఎవరూ ఆయన ముందు పులిహోర పెట్టి ఊరించకండి అని ముందురోజే హెచ్చరిక. ఎవరికి ఏది కూడదో ఆయనకు తెలిసినట్టు వాళ్ళవాళ్ళ ఇళ్ళలో కూడా తెలిసి ఉండదు.

ఇంత చేసి తను మాత్రం బల్ల మూల కూర్చుని మజ్జిగన్నం తినేవారు. తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. ఆ కాసేపూ మేమంతా ముద్ద ఎత్తకుండా ఆగేవాళ్ళం. అంత మర్యాద ఉండేది ఆ బల్ల దగ్గర. ఎవరైనా కొత్తవాళ్ళు తెలియక కూర గిన్నె ఆయన ముందుకు జరిపితే, ఎడమచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, “ఆయ్, కడుపు ఒప్పుకోదండి” అనేవారు. ఆ మాట అనడం ఆయనకు ఎంత అలవాటంటే, టీ తాగుతారా అని అడిగినా చెయ్యి ముందు పొట్ట మీదకు పోయేది.

ఆ అల్సరును మా ఆఫీసు ఎంత అపురూపంగా చూసుకుందో చెప్పాలి. పంతులుగారి భార్య వారానికోసారి మిరియపుగింజ కూడా తగలని పెసరకట్టు చేసి ప్రత్యేకం సీసాలో పంపేది. అకౌంట్సులో రత్నంగారని ఉండేవారు, కొత్తపేట దగ్గర మోతుబరి రైతుల ఆడపడుచు, పెద్ద చెయ్యి, పెద్ద గొంతు. ఆవిడ పొట్లకాయ పాలుపోసిన కూర చేయించి తెచ్చి, “గురువుగారూ, మీకోసమేనండి, పచ్చిమిరపకాయ చూపించి తీసేసేం అంతే” అని వడ్డించేవారు. సగ్గుబియ్యం జావ ఒకరు, ఆనపకాయ ముక్కలు ఉడకబెట్టి ఒకరు. ఎండాకాలం వస్తే లేత కొబ్బరిబొండాలు ఎవరో ఒకరి తోటలోంచి ఆయన బల్ల కిందకు చేరేవి. ఆయన అన్నీ తినేవారు. “ఎంత హాయిగా ఉందోనండి కడుపులో” అనేవారు. ఇచ్చినవాళ్ళ మొహాలు కళకళలాడిపోయేవి.

నేనూ ఇచ్చాను. బీరకాయ పత్యం కూర తెచ్చి పెట్టాను. మంచిపని చేశాననే అనుకున్నాను.

ఆయన్ని గురించి ఆఫీసులో ఇంకో గొప్ప చెప్పుకునేవారు. అందరికంటే ముందు వస్తారని. రాజోలు నుంచి గన్నవరం అక్విడక్టు మీదుగా తొలి బస్సు పట్టుకుని, అటెండరు ఇంటికి పోయి తాళాలు తెచ్చుకుని, ఆఫీసు తనే తెరిచేవారు. మేము వెళ్ళేసరికి కిటికీలన్నీ బార్లా తీసి ఉండేవి. గోడ మీద లక్ష్మీదేవి కేలండరు ముందు అగరొత్తులు వెలుగుతూ ఉండేవి. ఇది చూసి పంతులుగారు పొంగిపోయేవారు. “క్రైస్తవుడై ఉండి రోజూ మన దేవుడికి అగరొత్తి వెలిగిస్తాడయ్యా. అంత కలుపుగోలు మనిషిని నేను చూడలేదు” అని వచ్చిన ప్రతివారికీ చెప్పేవారు. గురువుగారు పక్కనే నిలబడి “మరేనండి, అందరి దేవుడూ ఒకడే కదండి” అనేవారు.

నాకు అసలు సంగతి రావులపాలెంలో తెలిసింది. ఒక ఆదివారం మా వారూ నేనూ రాజమండ్రి నుంచి వస్తూ అక్కడ బస్సు మారాలి. ఆకలేస్తోందని మా వారు ఒక భోజనం హోటల్లోకి తీసుకెళ్ళారు. లోపల మూల బల్ల దగ్గర గురువుగారు. అరిటాకు నిండా ఎర్రగా చేపల పులుసు. పక్కన చల్లమిరపకాయలు. తలకాయ ముక్క చేత్తో పట్టుకుని, కళ్ళల్లోంచి ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే చొక్కా భుజానికి తుడుచుకుంటూ, “ఇంకాస్త పులుసు పొయ్యి బాబూ” అని అడుగుతున్నారు. ఒక మనిషి అంత ఇష్టంగా అన్నం తినడం నేను అంతకుముందు చూడలేదు.

నన్ను చూశారు. చెయ్యి ఆకు మీద ఆగిపోయింది.

“ఆయ్... అమ్మాయిగారా. చూసేసేరా” అన్నారు.

మా వారికి సంగతి తెలియదు గనక, నమస్కారం పెట్టి, అరటిపళ్ళు చూసి వస్తానని బయటికి వెళ్ళారు. నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను. “గురువుగారూ, మరి మీ అల్సరో?” అన్నాను.

“లేదండి” అన్నారు. నీళ్ళు తాగారు. చుట్టూ చూశారు. తర్వాత చెప్పారు.

“నేను కొత్తగా ఈ ఆఫీసుకి వచ్చినప్పుడండి, మా ఇంటావిడ నలుగురికీ సరిపడా కట్టిచ్చేది. కోడికూర, చింతచిగురు రొయ్యలు, ఒక్కోరోజు వట్టి పప్పే. మూత తీసి వేసుకోండి అనేవాణ్ణి. ఒకరు శనివారం అనేవారు. ఒకరికి నోటిపూత. ఒకరు ఇప్పుడే టిఫిను చేసేం అనేవారు. మర్నాడు పంటినొప్పి, ఆ మర్నాడు ఉపవాసం. మంచివాళ్ళండి వాళ్ళు, మొహం మీద తినం అనలేరు. కానీ రోజూ ఒక సాకు ఎతుక్కోవాలంటే వాళ్ళకి మాత్రం కష్టం కాదాండి? నేను డబ్బా మూత తీసేసరికి బల్ల దగ్గర మాటలు ఆగిపోయేవి. ఎవరి మొహం ఎవరూ చూసేవారు కాదు. అంచేత ఒకరోజు నేనే చెప్పేసేను. డాక్టరుగారు అల్సరన్నారు, ఇంక నాకు మజ్జిగన్నమే, డబ్బాలో కూరలేం తేను అని. ఆ రోజు అందరూ ఎంత హాయిగా తిన్నారోనండి.”

ఆ ఆఖరి మాట ఆయన సంతోషంగానే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిందో కూడా తెలియలేదు.

“మరి ఆవిడ కట్టే కూర ఏంచేస్తారు?”

“పారబొయ్యలేను కదండీ. పొద్దున్నే వచ్చి తినేస్తాను. అన్నం మధ్యాహ్నానికి ఉంచుకుని, కూరంతా అప్పుడే లాగించేస్తాను. తలుపేసుకుని. నీసు వాసన ఉండిపోతుందని తర్వాత కిటికీలు తీసి అగరొత్తులు వెలిగిస్తాను. పంతులుగారు దానికి ఇంకో అర్థం తీసేరు. నేనేం చెయ్యనండి.” నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపులా అయిపోయింది.

“మీ ఆవిడగారికి తెలుసా?”

ఆయన నవ్వు ఆగిపోయింది. “తెలీదండి. తెలియకూడదండి. సాయంత్రం ఖాళీ డబ్బా కడుగుతూ ‘ఏమన్నారు?’ అని అడుగుద్ది. మొదటిసారి రత్నంగారు రెండుసార్లు వేయించుకున్నారని చెప్పేను. అప్పుడు ఆవిడ మొహం చూడాలండి మీరు. ఇంక ఆపుకోలేకపోయేను. ఈయనకి పప్పు నచ్చింది, ఆయనకి పులుసు నచ్చింది అని రోజుకొకటి. చివరికి పంతులుగారి దాకా వెళ్ళిపోయేను. ఆయన ఉల్లిపాయ తినరు అంటే, ఆయన పప్పు కోసమని కొత్త గిన్నె కొనుక్కుందండి. దాంట్లో ఇంకేం వండదు. పంతులుగారు నా చేతి పప్పు తింటారని మా పేటంతా చెప్పుకుంది. మా ప్రార్థన గుళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఇప్పుడు ఆవిడకి నిజం తెలిస్తే నేను ఆ ఇంట్లో అన్నం తినలేనండి అమ్మాయిగారూ.”

ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నారు. ఇచ్చాను. మా వారు పళ్ళతో వచ్చారు, మా ఆకలికి ఆ పళ్ళే సరిపోయాయి. గురువుగారు చెయ్యి కడుక్కుని మమ్మల్ని బస్సెక్కించారు. ఆకులో పులుసు సగం అలాగే మిగిలిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నేను తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళాను. “రేపటి నుంచి మీ డబ్బా బల్ల మీద తెరవండి. నేను తింటాను. ఎవరేం అంటారో చూస్తాను” అన్నాను. అప్పట్లో నా నోరు అలాంటిది, ఇప్పుడూ పెద్ద మారలేదు.

ఆయన కంగారుపడిపోయారు. “వద్దమ్మా. మీరు తిన్నారనుకోండి, మిగతావాళ్ళు తినటం లేదన్న సంగతి బయటపడుతుంది. ఇప్పుడు అది ఎవరికీ కనపడటం లేదు కదండీ. అలా ఉండనివ్వండి” అన్నారు. మళ్ళీ అదే నవ్వు.

కాదని ఏం చెప్పను? పంతులుగారు నా డబ్బాలోది కూడా ముట్టేవారు కాదు. దానికి నేనెప్పుడూ నొచ్చుకోలేదు, ఆయన ఎవరిదీ ముట్టరు, సొంత అన్నగారింటికి పోయినా తన మంచినీళ్ళు తను పట్టుకెళతారు. ఎవరిదీ ముట్టకపోవడం వేరు, ఒక్కరిదే ముట్టకపోవడం వేరు. రత్నంగారు నా డబ్బాలో చెయ్యి పెట్టి మరీ తీసుకునేవారు. క్రిస్మసుకు గురువుగారు ఆత్రేయపురం పూతరేకులు తెస్తే అందరూ ఎగబడి తినేవారు, ఆ పూతరేకులు ఎవరో చుట్టి అమ్మినవి గనక. “చూడు, మాకు ఆ పట్టింపులేం లేవు” అని రత్నంగారే నాతో ఒకసారి అన్నారు. ఆవిడ అబద్ధం ఆడలేదు, నిజంగానే అలా నమ్మారు. ఆవిడ చెడ్డమనిషైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో. వాళ్ళ అమ్మాయి పెళ్ళిలో గురువుగారి కోసం విడిగా కారంలేని వంట చేయించి, పక్కన నిలబడి కొసరి కొసరి వడ్డించిన మనిషి ఆవిడ. లేని అల్సరుకు అంత సేవ చేసినవాళ్ళు, ఉన్న డబ్బా మూత తియ్యనివ్వలేదు. ఆ పొట్లకాయ కూర వడ్డించేవేళకు నేను చెయ్యి కడుక్కోవడానికి లేచేదాన్ని.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఆయన రిటైరయ్యే రోజు వచ్చింది. రెండువేలు దాటిన తర్వాత సంగతి, మే నెలాఖరు. మా ఆఫీసులో రిటైరయ్యేవాళ్ళు ఆఖరిరోజు అందరికీ భోజనం పెట్టడం రివాజు. మామూలుగా అంబాజీపేట నుంచి వంటబ్రాహ్మల్ని పిలిపించేవారు, అప్పుడు ఎవరికీ ఏ పేచీ ఉండదు. గురువుగారూ అలాగే మాట్లాడి పెట్టుకున్నారు.

ఒకరోజు పొద్దున్నే నా టైపు మిషను దగ్గరికి వచ్చి నిలబడ్డారు. “కొంప మునిగిందండి అమ్మాయిగారూ” అన్నారు.

“ఏమైందండీ?”

“మా ఇంటావిడ వంటవాళ్ళు వద్దంటోంది. ఇన్నేళ్ళు నా చేతి కూర తిన్నవాళ్ళకి ఆఖరిరోజున ఎవడో వండింది పెడతావా అని కూచుంది. తనే వండి తనే తెచ్చి తనే వడ్డిస్తానంటోంది. ఎవరెవరికి ఏం కూడదో అన్నీ చెప్పించుకుందండి నాచేత. ఎలాగో చెప్పండి.”

“నిజం చెప్పేయండి” అన్నాను.

“ఎలా చెప్పను? ఏదో ఒకరోజు అబద్ధమైతే చెప్పొచ్చు.”

“పోనీ నేను వీళ్ళకి చెప్తాను. ఆ ఒక్కరోజు నోరు మూసుకుని తినమంటాను.”

“వద్దొద్దు. బలవంతాన తింటే ఆవిడకి తెలిసిపోదాండి? వండేవాళ్ళకి తెలుస్తుందండి, ఎలా తింటున్నారో.” మళ్ళీ తనే, “తింటారులెండి. ఆఖరిరోజు కదా, మొహమాటానికైనా తింటారు. ఒక్కపూట గడిచిపోతే చాలు. ఆవిడకి తెలియకుండా ఇంటికి వెళ్ళిపోతాం” అన్నారు. ఆయన నన్ను ఒప్పించడానికి అన్నారో, తనకు తను చెప్పుకున్నారో గాని, నేను సరేనన్నాను.

ఆ రోజు ఆవిడ ఆటోలో దిగారు. పొట్టిగా, నల్లగా, గట్టి మనిషి. ఉతికి గంజి పెట్టిన తెల్లచీర, చెవులకు చిన్న దిద్దులు. కారియర్లు, గిన్నెలు, మూతలకు గుడ్డలు కట్టి. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే రికార్డు రూములోకి చేరవేసుకున్నారు. గురువుగారు ఎప్పటిలాగే పేపర్లు పరిచారు. ముడతలు సాపు చెయ్యడం మాత్రం అవ్వడం లేదు, చేసిందే చేస్తున్నారు.

ఆవిడ మాకందరికీ దండం పెట్టి, మాలో ఎవరు ఎవరో గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళు మా గురించి వింటూ ఉన్న మనిషి కదా. “తమరు పంతులుగారాండి? తమకి పప్పు విడిగా కొత్త గిన్నెలోనేనండి, ఉల్లిపాయ కత్తి కూడా తగలనివ్వలేదు” అన్నారు. పంతులుగారు అయోమయంగా చెయ్యెత్తి నమస్కారం చేశారు. “మిషను అమ్మాయిగారు మీరేనాండి” అని నన్ను చూసి నవ్వారు. తర్వాత రత్నంగారి దగ్గరికి వెళ్ళారు. పెద్ద గిన్నె మూత తీశారు. చింతచిగురు రొయ్యలు. ఆ వాసనకు గది అంతా ఒక్కసారి కదిలింది.

“రత్నంగారండీ, మీకు ఇదంటే ప్రాణమంట కదండీ. పోయినవారం పంపింది సరిపోలేదన్నారంట, ఆయన చెప్పేరు. అంచేత ఈసారి ఎక్కువ చేసేను.”

రత్నంగారు పాపం ఏ కల్మషమూ లేకుండా నవ్వేశారు. “పోయినవారం పంపేరా? మాకా? ఎవరితోనో పొరపాటు పడ్డారండి. మీవారు ఏ రోజైనా డబ్బాలో కూర తేగలరాండీ? ఆ అల్సరుతో మజ్జిగన్నం తప్ప ఏం ముట్టుకుంటారు పాపం. మేమే కదండీ ఇన్నేళ్ళూ ఆయనకి పత్యం వండి తెస్తోంది. ఇంట్లో మీకు కూడా ఎంత కష్టమో, రోజూ చప్పిడి వంట!”

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తల తిప్పి మొగుడి వైపు చూశారు. ఆయన పేపరు అంచు మడతపెడుతున్నారు. మడతపెట్టి మళ్ళీ విప్పుతున్నారు. తలెత్తలేదు.

నేను నోరు తెరవబోయాను. ఏదో ఒకటి వాగేసి ఆ క్షణం గడిపెయ్యాలనుకున్నాను. అంతలో ఆవిడే మాట్లాడారు.

“ఆయ్” అన్నారు. “అవునండి. నేనే ఏదో అనేసుకున్నాను. పెద్దదాన్నైపోయేను కదండీ. మీ అందరి పత్యం వల్లే బతికి బట్టకట్టేరండి ఆయన. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీక ఈ కాస్తా వండుకొచ్చేను.”

రత్నంగారి కళ్ళు చెమర్చాయి. “అయ్యో, అదేం మాటండీ” అని ఆవిడ భుజం తట్టారు.

వడ్డన జరిగింది. పంతులుగారు తన నియమం గురించి ఎంతో మర్యాదగా చెప్పి, ఒక మామిడిపండు తీసుకుని, “చల్లగా ఉండమ్మా” అన్నారు. రత్నంగారు ఆ రోజు శుక్రవారమని గుర్తు చేసుకుని, పళ్ళెంలో అన్నం పెట్టించుకుని తను తెచ్చుకున్న పెరుగు కలుపుకున్నారు. ఒకరికి ఎండదెబ్బ. ఒకరు ఇంటికి పట్టుకెళతానని కారియరు సర్దించుకున్నారు, నీసు ఇంట్లోకి తేనిచ్చే ఇల్లు కాదు వాళ్ళది. నేను రొయ్యలు వేయించుకున్నాను. రెండోసారీ అడిగాను, మూడోసారీ అడిగాను. ఆవిడ వేశారు గాని నా వైపు చూడలేదు. ఎంత రుచి అంటే, ఆ రుచికి నాకు కోపం ఇంకా పెరిగిపోయింది.

అందరి తర్వాత ఆవిడ గురువుగారి ముందు ఆకు వేశారు. గరిటె రొయ్యల గిన్నెలోకి పోలేదు. ఆవిడ అన్నం పెట్టి, చెంబులోంచి మజ్జిగ పోసి, ఉప్పు చిటికెడు వేసి, తనే కలిపారు. “తినండి, చల్లారిపోయిందని వంక పెట్టకండి” అన్నారు. తన రిటైర్మెంటు విందులో, ఇంటావిడ చేతి కూరలన్నీ కళ్ళెదుట పెట్టుకుని, ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. మేమంతా ఆగాం. ఆ రోజు ప్రార్థన చాలాసేపు సాగింది. తర్వాత మజ్జిగన్నం తిన్నారు, మెతుకు మిగల్చకుండా. ఆవిడ పక్కనే నిలబడి విసనకర్రతో విసిరారు.

“అంత కనిపెట్టి చూసుకుంటారు ఒకరినొకరు” అన్నారు రత్నంగారు ఆ సాయంత్రం, దండలు, శాలువా అన్నీ అయిపోయాక.

ఆదరణ కూడికకు నేనొక్కదాన్నే వెళ్ళాను. పంతులుగారు అప్పటికే లేరు, రత్నంగారు కూతురు దగ్గర హైదరాబాదులో ఉంటున్నారు. వాళ్ళ పేటలో ఇంటి ముందు షామియానా వేశారు. పాటలు, వాక్యం అయ్యాయి. ఆవిడ నన్ను దూరం నుంచే గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఏం మాట్లాడాలో తెలియక ఆయన మంచితనం గురించి మొదలుపెట్టాను. ఎవరినీ ఇబ్బంది పెట్టేవారు కాదని, ఆఫీసులో ఆయన్ని అందరూ తలచుకుంటారని, అలాంటి మాటలు. ఆవిడ విన్నారు.

“ఆ రోజు బస్సులోనే అడిగేసేనమ్మా” అన్నారు మెల్లగా. “గన్నవరం దాటేలోపు అంతా చెప్పేసేరు. మీకు తెలుసని కూడా చెప్పేరు.”

నేను తల దించుకున్నాను. “మీరు బాధపడతారని దాచారండి. ఆయన భయమంతా మీ గురించే” అన్నాను.

“ఆళ్ళు తినలేదని నాకు బాధ అనుకున్నారమ్మా ఆయన. పోయేదాకా అదే అనుకున్నారు. నిన్ను కష్టపెట్టేను, నిన్ను కష్టపెట్టేను అని. ఆళ్ళు తినకపోతే ఎవరిక్కావాలి? తినకపోతే పోయేరు. పొద్దున్నే లేచి నేను వండిన కూర, నా మొగుడు తలుపులేసుకుని దొంగలా తిన్నారంట. ఇన్నేళ్ళు. అది నాకు పోవటం లేదమ్మా.”

లోపలి నుంచి ఎవరో భోజనాలకు లేవమని పిలిచారు. ఆవిడ లేవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

“ఆ మొదటిరోజే వచ్చి నాతో చెప్పాల్సిందమ్మా. ఇంకో రెండు గరిటెలు ఎక్కువేసి కట్టేదాన్ని. ఎవరికీ పెట్టొద్దు, అడగొద్దు, అందరి ముందూ మూత తీసి నువ్వే తినెయ్యి అనేదాన్ని.”